చేపల జాడ చెప్పే ఉపగ్రహం: నెల్లూరు, ప్రకాశం బోట్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

హైదరాబాదులోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారానికి (పీఎఫ్‌జెడ్, అంటే చేపలు దొరికే అవకాశమున్న చోటు) పైసా కట్టనక్కర్లేదు. తెలుగులోనే వస్తుంది. మన రేవులు దక్షిణ ఆంధ్ర పట్టికలో ఉంటాయి. మరబోటుకు ఇది మంచి సేవ. కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల తీరం వెంట వేటాడే చిన్న ఫైబర్ బోటుకు మాత్రం సగమే ఉపయోగం.

ఉపగ్రహానికి చేప కనపడదు. అది చూసేది రెండే: నీటి పైపొర వేడి, నీటి రంగు. చల్లని నీరు, వెచ్చని నీరు ఒరుసుకునే చోట అడుగునున్న సారం పైకొస్తే నాచు పెరుగుతుంది. నాచు తినే పురుగు, పురుగు తినే కవ్వల లాంటి చిన్న చేపలు, వాటి వెనక వంజరం, సూర లాంటి పెద్ద చేపలు చేరతాయి. అందుకే ఈ జాడ పైనీటి చేపలకే. అడుగున వల ఈడ్చి రొయ్య పట్టేవాళ్లు దీన్ని నమ్ముకుని డీజిల్ తగలేసుకోవద్దు.

పట్టికలో రేవు పేరు, దిక్కు, డిగ్రీలు, ఎన్ని కిలోమీటర్ల నుంచి ఎన్ని కిలోమీటర్ల దాకా, లోతు మీటర్లలో, అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. తప్పులన్నీ ఇక్కడే. జీపీఎస్ నాటికల్ మైళ్లలో ఉంటే 40 కిలోమీటర్లంటే 21.6 మైళ్లు. లోతును బారల్లో లెక్కేసేవాళ్లు మీటర్లను 1.83తో భాగించుకోవాలి, 40 మీటర్లు దాదాపు 22 బారలు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు అక్షాంశం ఎక్కించడంలో జరుగుతుంది. పట్టిక డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఇస్తుంది. 14 డిగ్రీల 45 నిమిషాల 30 సెకన్లను, డిగ్రీల దశాంశంలో పెట్టిన జీపీఎస్‌లో 14.4530 అని కొడితే బోటు 34 కిలోమీటర్లు దక్షిణానికి పోతుంది. జువ్వలదిన్నె ఎదుట వేయాల్సిన వల మైపాడు దాటాక పడుతుందన్నమాట. అసలు అంకె 14.7583. లెక్క ఎందుకులే అనుకుంటే సెట్టింగుల్లో సెకన్ల పద్ధతి పెట్టుకోండి, గొడవుండదు. ఆ తర్వాత తిట్టాల్సింది ఉపగ్రహాన్ని కాదు.

పట్టికలో ఇచ్చిన చోటు ఒక చుక్క కాదు, గీత. అక్కడికి చేరగానే వల దించేయకుండా గీతకు అడ్డంగా కాస్త దూరం నడిపి నీటి రంగు మారే చోటు, పక్షులు వాలే చోటు చూడాలి. ప్రవాహం ఆ గీతను జరుపుతూనే ఉంటుంది కాబట్టి ముందు చూడాల్సింది చెల్లుబాటు తేదీ. గడువు దాటిన పట్టిక నిన్నటి బస్సు టికెట్టే.

ఇక అసలు లోపం: మబ్బు పడితే జాడ లేదు. వేడి, రంగు చూసే కళ్లు మబ్బును దాటి చూడలేవు. మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. ఆకాశం తేటపడే ఎండాకాలంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. అప్పుడు జాడ ఇవ్వరు కూడా.

రెండో లోపం ఉపగ్రహానిది కాదు. సమాచారం అందరికీ ఒకటే, ఇంజన్లు ఒకటి కావు. తీరానికి 40 కిలోమీటర్ల జాడకు పది హార్స్‌పవర్ ఫైబర్ బోటు బయల్దేరేలోపు పెద్ద బోటు వల చుట్టేసి ఉంటుంది. అంతరిక్ష ఫలం పేదవాడికి అందుతోందని ఉపన్యాసాల్లో వింటుంటాం. అందుతోంది, డీజిల్ ఉన్నంత మేరకు.

చిన్న బోటుకు ఇదే సంస్థ ఇచ్చే అలల ఎత్తు, గాలి వేగం అంచనాలే ఎక్కువ విలువైనవి. వేటకు పోవాలా, వద్దా అన్నది తేల్చేవి అవే. ఒడ్డు దాటి పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి బయల్దేరే ముందే చూసి రాసుకోవాలి. జీపీఎస్‌కు తోడుగా మన దేశం నడిపే గగన్ ఉపగ్రహాల ద్వారా నడిసముద్రంలోనూ హెచ్చరికలు అందించే జెమినీ పరికరం ఉంది గానీ అది వినిపించడమే తప్ప మన మాట తీసుకోదు. కబురు పంపాలంటే ఇస్రో తయారుచేసిన రెండువైపుల ట్రాన్స్‌పాండర్ కావాలి.

సముద్రపు రంగు చూసే ఓషన్‌శాట్-3ని 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54 మోసుకెళ్లింది, పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి. రాకెట్ ఎగిరే రోజు ఆ దిక్కు సముద్రంలోకి పోవద్దని ముందే హెచ్చరిస్తారు. ఆ రోజుకు కూలి ఎవరిస్తారన్నది మాత్రం పట్టికలో ఉండదు.

మార్కులేస్తే, మరబోటుకు చేపల జాడ ఐదుకు నాలుగు. ఫైబర్ బోటుకు చేపల జాడ రెండు, అలల సమాచారం నాలుగున్నర.