పక్షం వహించడానికి మనిషి దొరకని సినిమా: ‘గొమొర్రా’

మత్తెయో గర్రోనే దర్శకత్వంలో 2008లో వచ్చిన ఇటాలియన్ చిత్రం ‘గొమొర్రా’ను చూసినవారిలో, ముఠాల ప్రపంచాన్ని ఇంత నిక్కచ్చిగా చూపిన సినిమా మరొకటి లేదనేవారు కొందరైతే, రెండుంబావు గంటలసేపు ఎవరి కోసం కూర్చున్నామో చివరికీ తెలియలేదని విసుక్కునేవారు మరికొందరు. విచిత్రమేమిటంటే ఈ రెండు వర్గాలవారూ చెప్పే వివరాలలో తేడా లేదు. హీరో లేడు, పోలీసు అధికారి పట్టుదల లేదు, పగ తీర్చుకునే కొడుకు లేడు, చివరికి ఎవరూ గెలవరు. ఒకరికి గొప్పతనంగా కనిపించినది మరొకరికి లోపంగా కనిపించింది కనుక, తగవు సినిమాలో ఏముందన్నదాని గురించి కాదు, సినిమా నుంచి మనం ఏమి ఆశించవచ్చన్నదాని గురించి. నేను మొదటి వర్గంలోకే చేరుతాను గానీ, రెండో వర్గం చెప్పే మాటల్లో కనీసం ఒకటి న్యాయమైనదేనని కూడా ఒప్పుకుంటాను.

చిత్రానికి మూలం రోబెర్తో సవియానో 2006లో రాసిన పుస్తకం. నేపుల్స్ నగరంలోనూ, దాని చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతంలోనూ వేళ్లూనుకున్న కమోర్రా అనే నేరవ్యవస్థను ఆయన పేర్లతో సహా బయటపెట్టారు. ఆ ఏడాది అక్టోబరు నుంచే పోలీసు రక్షణలో బతకవలసి వచ్చింది. బైబిల్లో నాశనమైన నగరం పేరును కమోర్రాతో శ్లేషించి పెట్టిన శీర్షిక అది. పుస్తకంలో ‘నేను చూశాను’ అని చెప్పే ఒక గొంతు మొదటి పుట నుంచి చివరి పుట వరకు మన చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. గర్రోనే, సవియానోతో కలిపి ఆరుగురు రచయితలు కూర్చుని చేసిన చిత్రానువాదం ఆ గొంతును పూర్తిగా తీసేసింది. ప్రేక్షకుల మధ్య వచ్చిన చీలికకు బీజం ఇక్కడే పడిందని నా అభిప్రాయం. సాక్షిని తొలగిస్తే మిగిలేది సంఘటన మాత్రమే. దాన్ని చూసి భయపడాలో, జాలిపడాలో, కోపగించుకోవాలో చెప్పేవారు ఉండరు.

మొదటి దృశ్యంలోనే ఈ సంగతి స్పష్టమవుతుంది. చర్మానికి రాగిరంగు తెచ్చుకోవడానికి కృత్రిమ కాంతి కింద నిలబడే సెలూన్‌లో, ఆ నీలివెలుగులో, కొందరు మగవాళ్లు సరసాలాడుకుంటూ గోళ్లు దిద్దించుకుంటూ ఉంటారు. నవ్వుతూ వచ్చినవాళ్లే వాళ్లను కాల్చి చంపేస్తారు. చచ్చినవారు ఎవరు, చంపినవారు ఏ ముఠా, కారణమేమిటి అన్నవి అప్పుడే కాదు, తర్వాత కూడా మనకు తీరికగా చెప్పరు. మామూలు నేరకథలో ఇలాంటి ఆరంభం ఒక ప్రశ్న వేసి, మిగతా కథంతా దానికి జవాబు వెతుకుతుంది. ఇక్కడ మాత్రం వేసిన ప్రశ్నను అక్కడే వదిలేసి, కెమెరా తన పని మీద తాను ముందుకు పోతుంది. మొదటి పది నిమిషాల్లోనే కొందరు మనసు తెంచుకోవడానికి కారణం ఇదే.

ఆ తర్వాత ఐదు కథలు ఒకదానితో ఒకటి కలవకుండానే పక్కపక్కన నడుస్తాయి. కలుస్తాయేమోనని ఎదురుచూడవద్దని ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే అనేక పాత్రల కథలను క్లైమాక్స్‌లో ఒకే ముడిలోకి తెచ్చే చిత్రాలకు అలవాటుపడినవారు చివరి అరగంట ఆ ముడి కోసమే కాచుకుని నిరాశపడతారు. కథలోని మలుపులను నేను కింద దాచడం లేదు. ఏమవుతుందన్న ఉత్కంఠ మీద ఈ చిత్రం నిలబడలేదు.

ఇష్టపడదగిన మనిషి ఒక్కడూ లేడనేవారు దర్జీ పాస్క్వాలేను మరోసారి చూడాలని కోరతాను. ఖరీదైన ఫ్యాషన్ దుస్తులు కుట్టడంలో అతనిది అరుదైన చేతిపని. పెద్ద ఫ్యాషన్ సంస్థల ఆర్డర్ల కోసం చిన్న వర్క్‌షాపుల యజమానులు ఒక గదిలో చేరి, ఇంకా తక్కువ ధరకు, ఇంకా తక్కువ రోజుల్లో కుట్టి ఇస్తామని వేలం పాడతారు. ఆ వేలం గెలిచిన పెట్టుబడి వెనుక ముఠా డబ్బు ఉంటుంది, రాత్రింబవళ్లు కుట్టే భారం పాస్క్వాలే మీద, అతని కింది మనుషుల మీద పడుతుంది. పోటీగా వచ్చిన చైనా వర్క్‌షాపు యజమాని, తన పనివాళ్లకు పాఠాలు చెప్పమని అడిగినప్పుడు అతను డబ్బు కోసం ఒప్పుకుంటాడు, సరే, కానీ కారు డిక్కీలో దాక్కుని వెళ్లి ఆ షెడ్డులో అడుగుపెట్టినప్పుడు కార్మికులంతా లేచి చప్పట్లు కొడతారు. ఏళ్ల తరబడి చేసిన పనికి జీవితంలో మొదటిసారిగా దక్కిన గౌరవం అది. ఆ క్షణంలో అతని ముఖంలో కనిపించే తడబాటు, సంతోషం, సిగ్గు కలిసిన వెలుగును సాల్వతోరే కంతలూపో ఎంత తక్కువ నటనతో చూపించాడో చెప్పడం కష్టం.

తర్వాత ఆ కారుపై కాల్పులు జరుగుతాయి. పాస్క్వాలే బతుకుతాడు గానీ కత్తెర వదిలేసి లారీ డ్రైవరవుతాడు. దారిలో ఆగినచోట టీవీలో, వెనిస్ చిత్రోత్సవంలో హాలీవుడ్ నటి స్కార్లెట్ జొహాన్సన్ పాస్క్వాలే కుట్టిన తెల్లని గౌనులో నడిచి వస్తూ ఉంటుంది. అతను చూస్తాడు, కొద్దిగా నవ్వుతాడు, వెళ్లి లారీ ఎక్కుతాడు. కన్నీళ్లు రప్పించే సంగీతం లేదు, పక్కనున్నవాడికి ‘అది నేను కుట్టిందే’ అని చెప్పడం లేదు. చిత్రంలో మనసు లేదనే విమర్శ నాకు ఎప్పుడూ అర్థం కానిది ఈ దృశ్యం వల్లే. పాస్క్వాలే మీద జాలి పడమని అడగకపోవడమే దర్శకుడు అతనికి ఇచ్చిన మర్యాద.

చెత్త వ్యాపారం కథ ఇంతకంటే కటువైనది. ఉత్తర ఇటలీ కర్మాగారాల విషపు వ్యర్థాలను చౌకగా వదిలిస్తానని ఒప్పందాలు చేసుకుని, వాటిని కంపానియాలోని పాడుబడిన క్వారీల్లో పూడ్పించే ఫ్రాంకో పాత్రను తోని సెర్వీల్లో పోషించాడు. సూటు, మర్యాద, మెల్లని మాట. చేతిలో తుపాకీ ఎక్కడా ఉండదు. యాసిడ్ పడి ఒక డ్రైవరు గాయపడినప్పుడు మిగతా డ్రైవర్లు పని ఆపితే, ఎత్తు చాలడానికి సీట్ల మీద దిండ్లు వేసి చిన్నపిల్లల చేత లారీలు నడిపిస్తాడు. విలన్ అనే మాట ఈ మనిషికి సరిపోదు. అతను తన దృష్టిలో దేశానికి మేలు చేస్తున్న మేనేజరు, ఆ మాట తన సహాయకుడితో నిజంగానే నమ్మి చెబుతాడు. ఆ సహాయకుడు రొబెర్తో చదువుకున్న యువకుడు. ఒక రైతు కుటుంబం ప్రేమగా ఇచ్చిన పీచ్ పండ్ల బుట్టను, వాసన వస్తున్నాయని దారిలో పారేయమంటాడు ఫ్రాంకో. ఆ పండ్లు తినడానికి ఎందుకు పనికిరావో, ఆ మట్టి కింద ఏముందో ఇద్దరికీ తెలుసు. రొబెర్తో కారు దిగి ఉద్యోగం వదిలి రోడ్డు వెంట నడిచిపోతాడు. చిత్రం మొత్తంలో ‘కాదు’ అని స్పష్టంగా చెప్పి వెళ్లగలిగినవాడు బహుశా ఇతనొక్కడే, అయినా దర్శకుడు అతన్ని కూడా హీరోగా నిలబెట్టడు. అతను పోలీసుల దగ్గరికి పోతాడా, పత్రికలకు చెబుతాడా, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడా అన్నది మనకు చూపరు. ఇక్కడ కూడా ప్రేక్షకులు రెండుగా చీలుతారు: అసంపూర్తిగా వదిలేశారని కొందరు, సరిగ్గా అక్కడే ఆపారని కొందరు. ఆ నడక తర్వాత ఇంకేమి చూపినా అబద్ధమయ్యేదని నేననుకుంటాను.

నేపుల్స్ శివారు స్కాంపియాలోని ‘వేలే’ అనే తెరచాప ఆకారపు బహుళ అంతస్తుల భవనాల్లో పచారీ సరుకులు ఇళ్లకు చేరవేసే తోతో కథ మరోసారి చూడాలంటే నాకు కష్టంగా ఉంటుంది. పోలీసుల నుంచి పారిపోతూ ముఠావాళ్లు పడేసిన తుపాకీ, మత్తుమందు తెచ్చి వాళ్లకే తిరిగి ఇచ్చి ఆ పదమూడేళ్ల పిల్లవాడు లోపలికి అడుగుపెడతాడు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ తొడిగి ఛాతీ మీద కాల్చడం అతనికి పెట్టిన ప్రవేశ పరీక్ష. తర్వాత ముఠా చీలినప్పుడు, నిన్నటి స్నేహితుడు వచ్చి ఇకమీదట మనం శత్రువులమని మామూలు గొంతుతో చెప్పి వెళతాడు. చివరికి, కొడుకు అవతలి పక్షంలో చేరిన మరియా అనే స్త్రీని ఇంటి నుంచి బయటికి రప్పించే పని తోతోకే అప్పగిస్తారు. ఆమె ఎప్పుడూ నమ్మి తలుపు తీసేది సరుకులు తెచ్చే ఈ పిల్లవాడికే కాబట్టి. 2004లో మొదలైన స్కాంపియా ముఠా యుద్ధం తెలిసినవారికి ఈ చీలిక ఏమిటో అర్థమవుతుంది. తెలియనివారికి సినిమా చెప్పదు.

రెండో వర్గం మాటల్లో న్యాయమైనది ఉందని నేనన్నది దీని గురించే. ఎవరు ఏ ముఠా, ఏ గీత ఎక్కడ గీశారు అన్నది మొదటిసారి చూసేవారికి అందదు. సిసిలీ మాఫియాలా ఒక పెద్ద, అతని కింద వరుస అన్న ఏర్పాటు కమోర్రాకు లేదు. అవి విడివిడి వంశాలు, ఈరోజు పొత్తు, రేపు వైరం. ఈ గజిబిజిని గజిబిజిగానే చూపడం దర్శకుడి ఉద్దేశమని సమర్థించవచ్చు, చాలామంది సమర్థించారు కూడా. కానీ జైల్లో ఉన్న ముఠా సభ్యుల కుటుంబాలకు నెలవారీ డబ్బు పంచే దోన్ చీరో కథలో ఈ అస్పష్టత నష్టమే చేసింది. ఆ భయస్థుడైన గుమస్తా ఎప్పుడు ఎవరికి లొంగిపోయాడో తెలిస్తే, శవాల మధ్య నుంచి అతను ఒంటరిగా నడిచి బయటికి వచ్చే చివరి దృశ్యం ఇంకా బలంగా తగిలేది. పైగా ఇంకో కథలో మరో చీరో ఉన్నాడు! నిజజీవితంలో నేపుల్స్‌లో ఆ పేరు వీధికొకరికి ఉంటే ఉండవచ్చు గానీ, సబ్‌టైటిళ్లు చదువుకుంటూ చూసేవారి మీద కొంచెం దయ చూపించవలసింది. సబ్‌టైటిళ్ల ఇబ్బంది విదేశీయులది మాత్రమే కాదు. సంభాషణలు నేపుల్స్ మాండలికంలో ఉన్నందువల్ల ఇటలీలో కూడా ఇటాలియన్ సబ్‌టైటిళ్లతోనే దీన్ని ప్రదర్శించారు.

ఆ రెండో చీరో, అతని మిత్రుడు మార్కో, హాలీవుడ్ సినిమా ‘స్కార్‌ఫేస్’లోని ముఠానాయకుడు టోనీ మోంటానా మాటలను వల్లిస్తూ, తామే రాజ్యమేలతామనుకునే కుర్రాళ్లు. ముఠా దాచిన ఆయుధాలు దొంగిలించి, లోదుస్తుల్లో నీటి ఒడ్డున నిలబడి పిచ్చిగా కాలుస్తారు. పోస్టర్లకెక్కింది ఈ దృశ్యమే, దాన్ని చూసి హుషారైన నేరకథ అనుకుని వచ్చినవారు మోసపోయామనుకోవడంలో తప్పు లేదు. నిజానికి మన తగవంతా ఈ ఇద్దరిలోనే ఉంది. సినిమా హీరోను చూసి నేరగాడు కావాలనుకున్న పిల్లలకు ఏమవుతుందో చూపే చిత్రం, తాను మళ్లీ అలాంటి హీరోను ఎలా ఇస్తుంది?

మెచ్చుకునేవారితో నాకు ఒక పేచీ ఉంది. డాక్యుమెంటరీలా ఉందన్నది వారి మొదటి ప్రశంస. భుజం మీద కెమెరా, అసలైన స్థలాలు, నటన వృత్తి కాని స్థానికులు ఉన్నమాట నిజం. నటించినవారిలో కొందరు ఆ తర్వాత అసలు కేసుల్లోనే అరెస్టయ్యారు కూడా. కానీ పీచ్ పండ్లు, తెల్ల గౌను, సీటు మీద దిండు దొరికిన దృశ్యాలు కావు, ఎంచి అల్లినవి. ‘ఉన్నది ఉన్నట్టు తీశారు’ అనడం గర్రోనే పనితనాన్ని తగ్గించడమే. కాన్ ఉత్సవంలో గ్రాండ్ ప్రీ, ఆ ఏడాది ఐరోపా చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ చిత్రంతో పాటు దర్శకత్వం, రచన, ఛాయాగ్రహణం విభాగాల్లో వచ్చిన బహుమతులు ఆ అల్లికకే దక్కాయి.

ఇటలీలో జరిగిన వాదం వేరే రకం. దేశం పరువు తీస్తున్నారని, కమోర్రాకు ఉచితంగా ప్రచారం చేస్తున్నారని సవియానో రచన మీద ఆరోపణలు వచ్చాయి; 2010లో నాటి ప్రధాని సిల్వియో బెర్లుస్కోనీ కూడా ఆ ధోరణిలోనే మాట్లాడారు. ప్రచారమన్న మాట ఈ సినిమాకు ఎలా అంటుకుంటుందో నాకు తెలియదు. ఇందులోని జీతాలు, భయాలు, చావులు చూసి ఆ వ్యాపారంలో చేరాలనుకునేవారు ఉండరు. 2014లో మొదలైన ఇదే పేరు గల టీవీ సీరియల్ గురించి ఆ చర్చ చేస్తే అర్థముంది, ఎందుకంటే అందులో జెన్నీ, చీరో అనే నాయకులను సీజన్ తర్వాత సీజన్ వెంబడించి, వాళ్లు దుర్మార్గులని తెలిసీ గెలవాలని కోరుకుంటాం. సీరియల్ ముందు చూసి సినిమాకు వచ్చినవారికి ఇది చప్పగా అనిపించడం సహజం.

నాకు నచ్చనిది చివర్లో వచ్చే అక్షరాలు. ముప్పై ఏళ్లలో కమోర్రా 4,000 మందిని చంపిందని, పూడ్చిన విషపు వ్యర్థాలను పోగుచేస్తే 14,600 మీటర్ల కొండ అవుతుందని నల్లని తెర మీద చదివిస్తారు. అంతసేపు ఏమీ వివరించనన్న దర్శకుడు ఆఖరి నిమిషంలో ఎందుకు జంకాడో! దానికి ముందు, సముద్రపు ఒడ్డున మార్కో, చీరోల శవాలను తొట్టిలో వేసుకుని ఒక లోడరు యంత్రం, ఇసుకనో రాళ్లనో మోసుకుపోతున్నట్టుగా, తొందర లేకుండా వెళ్లిపోతుంది. నేను ఎవరికైనా ఈ చిత్రం చూపిస్తే, ఆ యంత్రం దూరమయ్యాక ఆపేస్తాను.