టెక్సాస్‌లో ఆవులు మేపేవారికి ఎల్‌ఎఫ్‌పీ మేలా, పీఆర్‌ఎఫ్ బీమా మేలా?

మేత భూముల్లో వాన తగ్గితే డబ్బిచ్చే పీఆర్‌ఎఫ్ బీమాలో చేరడానికి డిసెంబర్ 1 గడువు దగ్గరపడిందంటే చాలు, టెక్సాస్‌లో రాంచ్ కొని ఆవులు పెట్టిన మనవాళ్లు ఇదే అడుగుతారు. "కరువొస్తే మేత నష్టానికి ఎల్‌ఎఫ్‌పీ పథకం కింద ప్రభుత్వం ఎలాగూ ఇస్తుంది కదా, మళ్లీ ప్రీమియం ఎందుకు?" రెండూ తీసుకోవచ్చు. అయినా నా మొగ్గు బీమా వైపే.

ఎల్‌ఎఫ్‌పీకి పైసా కట్టక్కర్లేదు. ప్రతి గురువారం వచ్చే కరువు మ్యాపులో, మేత కాలంలో మీ కౌంటీలో ఏ మూలన డీ3 (అతి తీవ్ర కరువు) రంగు పడినా మూడు నెలల చెల్లింపుకు అర్హత వస్తుంది. బ్రూస్టర్ కౌంటీ ఆరు వేల చదరపు మైళ్లు దాటి ఉంటుంది. కింద రియో గ్రాండే ఒడ్డున ఎండితే పైన ఆల్పైన్ దగ్గరి రాంచ్‌కీ డబ్బు వస్తుంది. కంచె అవతల పక్క కౌంటీ అయి, అక్కడ ఆ రంగు పడకపోతే వాళ్లకు ఆ మూడు నెలల డబ్బు రాదు. ఇచ్చేది మేత ఖర్చు లెక్కలో 60 శాతం, మనిషికి ఏడాదికి గరిష్ఠంగా 1,25,000 డాలర్లు.

పీఆర్‌ఎఫ్ చూసేది వానను. మ్యాపును సుమారు 17 మైళ్ల గడులుగా విడగొడతారు. మీ గడిలో మీరు ఎంచుకున్న రెండేసి నెలల వర్షపాతం, మామూలు వానలో మీరు ఎంచుకున్న శాతం కన్నా తగ్గితే, క్లెయిమ్ పెట్టకుండానే డబ్బు వస్తుంది. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది. మీ రాంచ్‌లోని వాన గేజీలో చుక్క పడకపోయినా గడి సగటు బాగుంటే మాత్రం ఏమీ రాదు. మండలం వర్షపు లెక్కతో వాతావరణ బీమా చూసిన అనంతపురం వేరుశనగ రైతులకు ఈ బాధ బాగా తెలుసు.

అయినా బీమాయే ఎందుకంటారా? ఎల్‌ఎఫ్‌పీ పశువుల తలలు లెక్కపెడుతుంది, పీఆర్‌ఎఫ్ ఎకరాలు లెక్కపెడుతుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఏప్రిల్, మే వానలు మొహం చాటేస్తే గడ్డి రెండు వేళ్ల ఎత్తు దాటదు. అప్పుడు మంద మొత్తాన్నీ ఉంచితే మొదళ్ల దాకా కొరికేస్తాయి, ఆ నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. చూడి నిలవనివి, ముసలివి అప్పుడే అమ్మేయాలి. 2011 కరువులోలా అందరూ ఒకేసారి తోలుకొస్తే ధర పడిపోతుంది. కరువు వల్ల గత రెండేళ్లలో అమ్మిన వాటికి కూడా ఎల్‌ఎఫ్‌పీ ఇస్తుంది గానీ, మామూలు రేటులో 80 శాతమే. బీమాలో సగం మంద అమ్మినా పైసా తగ్గదు. మ్యాపులో రంగు పడేదాకా పశువుల్ని పట్టుకుని కూర్చోవాలన్న టెన్షన్ ఉండదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. చలికాలం నెలలు ఎంచుకుంటే డబ్బు తరచుగా వస్తుందని కొందరు ఊరిస్తారు. వినకండి. గడ్డి పెరిగే నెలలకే బీమా పెట్టండి, మీకు నష్టం జరిగేది అప్పుడే.

వేరే ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి: తుఫాను, విపరీతమైన చలి లాంటి వాటికి పశువులు చనిపోతే ఎల్‌ఐపీ, కరువులో నీళ్లు తోలిన ఖర్చుకు ఈల్యాప్, కంచెలకూ తొట్లకూ ఈక్విప్. వీటి సంగతి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

ప్రీమియం భారమనిపిస్తే 90 శాతం కవరేజీ బదులు తక్కువ స్థాయిలో మొదలుపెట్టండి. మేత భూమి ఎకరాల రిపోర్టు మాత్రం ఎఫ్‌ఎస్‌ఏ (అమెరికా వ్యవసాయ శాఖ) స్థానిక ఆఫీసులో ఏటా ఇస్తూ ఉండండి, అది లేకపోతే ఎల్‌ఎఫ్‌పీ కూడా చేజారుతుంది.