లేచిన గోరుతో శ్రీకాకుళం, విజయనగరం: ఎక్కడ నడవొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి

మహేంద్రగిరి ఎక్కడం కంటే దిగడమే కాలి గోళ్లకి పరీక్ష. కొండ ఒడిశా గజపతి జిల్లాలో ఉన్నా మందస వైపు నుంచి చూస్తే మన కొండే అనిపిస్తుంది. ఎత్తు 1501 మీటర్లు. దిగేటప్పుడు అడుగడుక్కీ పాదం బూటులో ముందుకి జారి బొటనవేలు కొనకి కొట్టుకుంటూనే ఉంటుంది. పలాస చేరేసరికి నా కుడి బొటనవేలి గోరు సగం నల్లబడింది, తర్వాత ఒక పక్క లేచి కదలడం మొదలైంది. అక్కావాళ్లతో రెండు జిల్లాలూ తిరగాలని అప్పటికే రూములు బుక్ చేసి ఉన్నాయి. మానుకోలేదు. పరుగు, ట్రెక్కింగ్ అలవాటున్నవాళ్లకి ఇలాంటి గోరు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు కాబట్టి, ఆ కాలితో ఏ చోటు ఎలా అనిపించిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు వైద్యం సంగతి. శ్రీకాకుళంలో దిగగానే దగ్గర్లో కనిపించిన ఒక చిన్న క్లినిక్‌కి వెళ్తే అక్కడి కాంపౌండర్ గోరు చూసి "లాగేద్దాం, ఒక్క క్షణం" అన్నాడు. వద్దని లేచి వచ్చేశాను. సాయంత్రం ఇంకో డాక్టర్ దగ్గర చూపించుకున్నాను. ఆయన తొందరపడలేదు. లేచిన భాగాన్ని మాత్రం కత్తెరతో బట్టకి తగలకుండా నున్నగా కత్తిరించి, ఇంకా అంటుకుని ఉన్న గోరుని ముట్టుకోకుండా వదిలేశారు. కింద చర్మం పచ్చిగా ఉన్నన్నాళ్లూ పాత గోరే దానికి మూత, లాగితే కొత్త గోరు పుట్టే చోటు దెబ్బతిని వంకరగా వచ్చే ప్రమాదం ఉందని చెప్పారు. సబ్బు నీళ్లతో కడిగి, బాగా తుడిచి, పెట్రోలియం జెల్లీ రాసి, పుండుకి అతుక్కోని గాజ్ గుడ్డ (కట్టు కట్టే పల్చటి బట్ట) వేసి పైన టేప్ చుట్టడం, అంతే. ఆ గుడ్డ మెడికల్ షాపులో పారాఫిన్ గాజ్ అని అడిగితే ఇస్తారు, మామూలు దూది మాత్రం పెట్టకండి, పోగులు అతుక్కుపోయి మర్నాడు విప్పేటప్పుడు ప్రాణం పోతుంది. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు చేయించుకున్నారని కూడా అడిగారు. అలా అడిగే డాక్టర్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

దెబ్బ తగిలిన కొత్తలో గోరు కింద నెత్తురు నిలిచి నిద్ర పట్టనంత సలుపుతుంటే, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి వెళ్తే గోరుకి చిన్న రంధ్రం చేసి ఆ నెత్తురు తీసేస్తారు, అప్పటికప్పుడు నొప్పి దిగుతుంది. ఇంట్లో సూది కాల్చి పొడుచుకోవడం లాంటివి వద్దు. షుగర్ ఉన్నవాళ్లయితే గోరు చిన్నగా కదిలినా చూపించుకోవాల్సిందే. చీము, ఎరుపు పైకి పాకడం, వేడి, జ్వరం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా యాత్ర అక్కడితో ఆపండి.

బస విషయానికొస్తే, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచే దూరంలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, భోజనం పక్క వీధిలోనే. కానీ లిఫ్ట్ లేదు, మాది రెండో అంతస్తు, బాత్రూం గడప జానెడు ఎత్తు, లోపల నేల ఎప్పుడూ తడే. చీకట్లో ఆ గడప తగిలితే గోరుచుట్టు మీద రోకలిపోటే. ఫోన్ చేసినప్పుడు గది ఏ అంతస్తు, బాత్రూం గుమ్మం ఎలా ఉంటుంది అని అడగడం ఎవరికీ అలవాటు లేదు గానీ అడగాలి. కళింగపట్నంలో బీచ్ దగ్గర దిగిన చోట గాలి, చూపు అద్భుతం, కానీ మంచం దాకా ఇసుకే. రోజుకి ఒకసారి మార్చాల్సిన కట్టు అక్కడ ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. అన్నిట్లోకీ నచ్చింది విజయనగరంలో దొరికిన కింది అంతస్తు గది, పాత ఇల్లే, నాపరాళ్ల నేల పొడిగా చల్లగా ఉండేది, బకెట్ వేడి నీళ్లు అడగ్గానే తెచ్చి ఇచ్చేవారు.

ఇక చోట్లు. ఇక్కడ దూరం లెక్క కాదు, నేల లెక్క. గుళ్లో చెప్పులు విప్పాలి, విప్పాక కాలికి రక్షణ కట్టు ఒక్కటే. అరసవల్లి ఊరికి ఆనుకునే ఉంది, ఆటోలో పది నిమిషాలు, కానీ ఆదివారం వెళ్లొద్దు. సూర్యనారాయణస్వామికి ఆదివారమే జనం, క్యూలో ఎవరి మడమ ఎవరి వేళ్ల మీద పడుతుందో తెలియదు. మార్చిలోనూ అక్టోబర్‌లోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాలని తాకే రోజుల్లో, రథసప్తమికి అయితే ఇక చెప్పక్కర్లేదు. మేం మామూలు రోజు తెల్లవారుజామున వెళ్లాం, ప్రశాంతంగా దర్శనం అయింది.

శ్రీకూర్మం ఈ కాలికి బాగా కుదిరిన గుడి. ఊరి నుంచి 13 కిలోమీటర్లుంటుంది. మండపాల నీడలో నిదానంగా నడవొచ్చు, గోడల మీద పాత బొమ్మలు చూస్తూ ఆగొచ్చు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్న చోట అక్క పిల్లలు కదలనంటే కదలనన్నారు, నాకూ కూర్చోవడానికి సాకు దొరికింది. కాకపోతే ఎండెక్కాక ఆరుబయట రాతి పలకలు కాలిపోతాయి, కాళ్లు ఎగరేస్తూ పరుగెత్తేటప్పుడే ఎదురుదెబ్బలు తగిలేది. తొమ్మిదిలోపు ముగించుకోండి. పుష్కరిణిలో కాళ్లు కడుక్కోవడం ఆనవాయితీయే, పచ్చి వేలు మాత్రం ముంచొద్దు. నేను చేతులు కడుక్కుని, నీళ్లు తల మీద చల్లుకున్నాను.

శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండకి బూట్లతో వెళ్లొచ్చు, అదొక పెద్ద వరం. పైనుంచి వంశధార కనిపిస్తుంటే ఎంతసేపైనా ఉండాలనిపిస్తుంది. ఎక్కేటప్పుడు నాకు ఏమీ తెలియలేదు, దిగేటప్పుడు మాత్రం లేసులు విప్పి, మడమ వెనక్కి ఆనేలా పాదాన్ని తన్నిపెట్టి, బూటు ఆఖరి కన్నాల్లోంచి లేసు తీసి చీలమండ దగ్గర గట్టిగా బిగించాను. వేళ్ల దగ్గర వదులు, చీలమండ దగ్గర బిగువు. దీంతో పాదం ముందుకి జారదు. కొండలు దిగేవాళ్లందరూ, గోరు బాగున్నవాళ్లు కూడా ఇలాగే కట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. కళింగపట్నం దగ్గర్లోనే ఉంది, వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్ ఉన్న ఊరు. అక్కడ అలల్లోకి దిగకుండా ఒడ్డునే ఉండిపోయాను. ముఖలింగానికి దారి పొడుగు, కానీ మధుకేశ్వరుడి గుడిలో శిల్పాలు చూడటానికి నడక పెద్దగా లేదు, కాలు బాగోలేదని దాన్ని వదులుకోకండి.

విజయనగరానికి బస్సు కాకుండా ఆమదాలవలసలో రైలెక్కాం. కిక్కిరిసిన బస్సులో నిలబడితే వేలి మీద ఎవరో ఒకరు కాలు వేస్తారు, రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కాలు లోపలికి పెట్టుకోవచ్చు. దారిలో పొందూరులో దిగి ఖద్దరు నేసేవాళ్లింటికి వెళ్లాం. గుమ్మం బయట చెప్పులు విప్పి అలికిన నేల మీద అడుగు పెడితే మెత్తగా, చల్లగా ఉంది. పత్తి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ వాడతారని వినడమే గానీ చేతిలోకి తీసుకున్నది అప్పుడే. బొటనవేలంత ముక్క, దాని నిండా సన్నటి పళ్లు, పత్తి గింజ చుట్టూ పోగులన్నీ దాంతో దువ్వితే ఒకే వైపుకి వాలిపోతాయి. రాట్నం ముందున్న పెద్దావిడ నా కట్టు చూసి "ఏటయ్యింది బావు కాలికి?" అంది. చెప్పాను. "పీకెయ్యకు బావు, దానికదే ఊడతది, కింద కొత్తది తోసుకొస్తది" అంది. డాక్టర్ చెప్పినదానికీ ఆవిడ మాటకీ తేడా ఏమీ లేదు.

విజయనగరంలో కోట, గంటస్తంభం చుట్టుపక్కల అంతా చదును, సాయంత్రాలు హాయిగా నడిచాను. కోట 1713లో కట్టింది. పైడితల్లమ్మని కూడా రద్దీ లేని వేళ చూసుకుని దర్శించుకున్నాం. రామతీర్థం దగ్గర మాత్రం ఆగిపోయాను. కింద రామస్వామి గుడి చూసుకుని, నీలాచలం మెట్లు అక్కావాళ్లని ఎక్కమని నేను కింద కూర్చున్నాను. ఎక్కగలను, కానీ అన్ని మెట్లు దిగాలి. అప్పటికి గోరు ఒక మూల మాత్రమే పట్టుకుని ఉంది.

చెప్పుల గురించి ఒక మాట. వేళ్ల మధ్య పట్టీ ఉండే హవాయి చెప్పులు సరిగ్గా బొటనవేలి మీదే బరువు వేస్తాయి, ముందు తెరిచి ఉండి వెనక పట్టీ ఉన్న శాండల్స్ నయం, జనంలోకి వెళ్లేటప్పుడు ముందు వెడల్పుగా ఉన్న బూట్లు. బూట్లు సాయంత్రం కొనండి, పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పొడుగాటి వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోవాలి, మూలలు తవ్వొద్దు.

గోరు ఇంటికొచ్చాక స్నానం చేస్తుంటే నొప్పి లేకుండా ఊడిపోయింది. అడుగున చర్మం కొద్ది రోజుల్లో గట్టిపడింది, కట్టు గట్టిగా వేసుకుని చదును రోడ్డు మీద పరుగు మళ్లీ మొదలుపెట్టాను, కొండలు ఇంకా కాదు. కాలి బొటనవేలి గోరు నెలకి ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది, పూర్తిగా రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, కంగారు పడాల్సింది లేదు. దెబ్బేమీ తగలకుండానే గోరు మీద నల్లటి గీత వచ్చినా, గోరు పెరుగుతున్నా ఆ నలుపు ముందుకి జరగకుండా అక్కడే ఉన్నా చర్మ వైద్యుడికి చూపించండి.