మూడడుగుల మనిషికి ఐదడుగుల కత్తి: సైజు రూలు మేలా, బలం రూలు మేలా?

బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే మా ఆటలో ఒకడు హాఫ్లింగ్ బార్బేరియన్‌ని, అంటే పొట్టి జాతి మోటు యోధుణ్ణి, తయారు చేసుకొచ్చాడు. ఎత్తు 3 అడుగులు, బరువు 18 కిలోలు, చేతిలో గ్రేట్‌సోర్డ్, అంటే రెండు చేతుల పెద్ద కత్తి. అందరం నవ్వాం, వాడు నవ్వలేదు. మొదటి ఫైట్‌లో ఇరవై ముఖాల పాచికలు రెండు వేశాడు, ఒకటి 17, రెండోది 4. మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. అందులో హెవీ అని రాసున్న ఆయుధాన్ని స్మాల్ సైజు క్యారెక్టర్ పట్టుకుంటే డిస్అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. 17 పోయింది, 4 మిగిలింది. కత్తి గాల్లో తిరిగింది, వాడి ముఖం ఎర్రబడింది.

అప్పుడు వాడు అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "నా బలం 16. ఆ పక్కనున్న మనిషి జాతి విజర్డ్, ఆ మంత్రగాడి బలం 8. అదే కత్తి వాడు ఎత్తితే డిస్అడ్వాంటేజ్ లేదు, ఎందుకంటే వాడు పొడుగు. ఇదేం లెక్క?" నిజమే. విజర్డ్‌కి ఆ కత్తిలో ట్రైనింగ్ లేదు కాబట్టి ప్రొఫిషెన్సీ బోనస్ రాదు, బలం తక్కువ కాబట్టి ఒక పాయింటు పోతుంది, అంతవరకే. కత్తి బరువుకి చేతులు వణికే విజర్డ్ తిన్నగా ఒక పాచిక వేస్తాడు, కండలు తిరిగిన పొట్టివాడు రెండు వేసి తక్కువది తీసుకుంటాడు.

సరే, అసలు ఏది మేలు? పెద్ద ఆయుధానికి అడ్డం మనిషి సైజు కావాలా, బలం కావాలా, లేక అసలు ఏ అడ్డమూ లేకుండా ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకోవచ్చు అంటే పోతుందా? మూడు రకాలూ ఆడిచూశాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

సైజు రూలు పాతది. 1989లో వచ్చిన ఏడీ అండ్ డీ (ఇదే ఆట పాత రూపం) రెండో ఎడిషన్‌లోనే ఉంది: నీ సైజు ఆయుధం ఒక చేత్తో, నీకంటే ఒక మెట్టు పెద్దది రెండు చేతులతో, అంతకు మించితే కుదరదు. 2000లో మూడో ఎడిషన్ కూడా దాదాపు అదే దారి. అందులో నాకు నచ్చిన అందం ఏమిటంటే ఆయుధం ఒకటే, పట్టుకునేవాణ్ణి బట్టి దాని పాత్ర మారిపోతుంది. మనిషి నడుముకి పక్కాయుధంగా వేలాడే షార్ట్‌సోర్డ్ హాఫ్లింగ్‌కి అసలైన కత్తి, మనిషి ఒంటిచేత్తో తిప్పే లాంగ్‌సోర్డ్ వాడికి రెండు చేతుల ఖడ్గం. ఎవరికీ కొత్తగా ఏదీ వివరించక్కర్లేదు, చిన్నపిల్లాడు నాన్న చెప్పులేసుకున్నట్టు ఆ బొమ్మ కళ్ల ముందు కనబడుతుంది.

2003లో మూడున్నర ఎడిషన్ వచ్చి దీన్ని సరిచేస్తానని చిక్కుముడి వేసింది. ప్రతి ఆయుధానికీ స్మాల్, మీడియం, లార్జ్ అని వేరువేరు కొలతలు వచ్చాయి. నీ కొలతది కాకపోతే ఒక్కో మెట్టుకి దెబ్బ మీద రెండేసి పాయింట్లు పోతాయి. ఫలితం చూడండి: హాఫ్లింగ్ మనుషుల షార్ట్‌సోర్డ్ ఎత్తితే ఆరు ముఖాల పాచిక డ్యామేజ్, రెండు పాయింట్ల పెనాల్టీ. హాఫ్లింగ్‌ల కోసమే చేసిన లాంగ్‌సోర్డ్ ఎత్తితే అదే ఆరు ముఖాల పాచిక, పెనాల్టీ లేదు. రెండూ ఇంచుమించు అంతే ఉండే ఉక్కు ముక్కలు. పిడి కొలత తేడా అంటారు, ఒప్పుకుంటా, పిడి మార్పించుకుంటే పోయేదానికి రూల్‌బుక్‌లో అంత టేబుల్ ఎందుకు? పైగా ఎంతో కష్టపడి రాక్షసుణ్ణి చంపి మ్యాజిక్ కత్తి సంపాదిస్తే అది తొంభై శాతం సార్లు మనిషి కొలతదే అయ్యేది, హాఫ్లింగ్ ప్లేయర్ పెళ్లివిందులో పత్యం చేసేవాడిలా చూస్తూ కూర్చునేవాడు. (తొంభై శాతం అన్నది నా కడుపుమంట లెక్క, ఎవరూ కొలవలేదు.)

ఇంతకీ సైజు రూలు తెలివితక్కువదా అంటే కాదు. ఆటల్లో చాలామంది కత్తి అంటే పది కిలోలు ఉంటుందనుకుంటారు. నిజమైన లాంగ్‌సోర్డ్ కిలో పైచిలుకు, ఒకటిన్నర దాటడం అరుదు. యుద్ధంలో వాడిన రెండు చేతుల పెద్ద కత్తులు సుమారు రెండు నుంచి మూడున్నర కిలోలు. ఆటలో గ్రేట్‌సోర్డ్ 6 పౌండ్లు, అంటే 2.7 కిలోలు. ఇది పెద్దవాళ్లెవరైనా ఎత్తగలరు. ఎత్తడం కాదు సమస్య, తిప్పడం, తిప్పినదాన్ని మధ్యలో ఆపడం. కత్తి ఒకవైపు లాగుతుంటే ఒళ్లు రెండోవైపు బరువు కాసుకోవాలి. 18 కిలోల మనిషికి 2.7 కిలోల కత్తి అంటే ఒంటి బరువులో 15 శాతం. 80 కిలోల మనిషికి ఆ లెక్కన 12 కిలోల కత్తి ఇచ్చి తిప్పమనండి. మొదటి దెబ్బ వేస్తాడు, రెండో దెబ్బ కత్తే వాణ్ణి వేస్తుంది.

దీనికి తోడు గెలీలియో 1638లోనే చెప్పిన సంగతి ఒకటుంది: ఆకారం సగమైతే బరువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది కానీ కండ బలాన్ని నిర్ణయించే దాని అడ్డుకోత వైశాల్యం నాలుగో వంతుకే తగ్గుతుంది. అందుకే చిన్న ప్రాణులు తమ ఒంటి బరువుతో పోలిస్తే బలంగా కనబడతాయి, చీమ సంగతి తెలిసిందే. కానీ కత్తి బరువు వాడితో పాటు తగ్గదు కదా. కాబట్టి "మా హాఫ్లింగ్ వాడి జాతిలో భీముడు" అంటే సరిపోదు, కత్తికి జాతి తెలీదు. ఈ మాట మా వాడితో అంటే, "మరైతే హాఫ్లింగ్‌కి బలం 16 ఎందుకు రానిచ్చారు?" అన్నాడు. అదీ పాయింటే. బలం అంకె వేసేటప్పుడు పొట్టి పొడుగు ఒకటే అని, ఆయుధం దగ్గరికొచ్చాక కాదని అంటే ఒకే తప్పుకి రెండు తీర్పులు.

బలం రూలు దీన్ని నేరుగా పట్టుకుంటుంది. గర్ప్స్ అనే ఇంకో పాత్రల ఆట నాలుగో ఎడిషన్ (2004) నాకు ఇందులో గురువు. ప్రతి ఆయుధం పక్కన కనీస బలం రాసుంటుంది. మామూలు మనిషి బలం 10. షార్ట్‌సోర్డ్‌కి 8 చాలు, బ్రాడ్‌సోర్డ్‌కి 10, గ్రేట్‌సోర్డ్‌కి 12. తక్కువైన ఒక్కో పాయింటుకి నైపుణ్యంలో ఒకటి పోతుంది, కాసేపు సాగిన ఫైట్ అయితే చివర్లో అలసట కూడా ఒక పాయింటు ఎక్కువ. ఇక్కడ మూడు పాచికలు వేసి మొత్తం నీ నైపుణ్యం అంకెకి లోపల పడాలి. నైపుణ్యం 14 ఉన్నవాడికి దెబ్బ తగిలే అవకాశం 90 శాతం పైన. అదే మనిషి బలం 10తో గ్రేట్‌సోర్డ్ ఎత్తితే 12కి దిగుతాడు, 74 శాతం. బలం 8 అయితే 10కి దిగుతాడు, సరిగ్గా 50. చూశారా, "నీకు కుదరదు" అని ఎక్కడా తలుపు మూయలేదు, మెట్లు పెట్టింది. బలం ఎక్కువున్నవాడికీ బహుమానం ఉంది: కావలసినదానికి ఒకటిన్నర రెట్లుంటే రెండు చేతుల కత్తిని ఒంటిచేత్తో వాడొచ్చు, కాకపోతే ప్రతి దెబ్బకీ మళ్లీ సర్దుకోవాలి. రెండు రెట్లుంటే సర్దుకోవడమూ అక్కర్లేదు.

వీడియో గేముల్లో డార్క్ సోల్స్ (2011) ఆడినవాళ్లకి ఇది తలకిందులుగా తెలుసు. రెండు చేతులతో పట్టుకుంటే నీ బలం ఒకటిన్నర రెట్లుగా లెక్క. జ్వైహాండర్ అనే పెద్ద కత్తికి బలం 24 కావాలి, కానీ రెండు చేతులతో అయితే 16 ఉన్నా పనైపోతుంది. ఎల్డెన్ రింగ్‌లో జెయింట్ క్రషర్ అనే బండరాయికి 60 అడుగుతారు, రెండు చేతులతో 40. ఎన్నిసార్లు ఆ లెక్క వేసుకుంటూ లెవెల్ పాయింట్లు దాచుకున్నానో. ఆ ఎదురుచూపే బలం రూలులో మజా. ఈరోజు ఎత్తలేనిది పది గంటల ఆట తర్వాత ఎత్తుతావు. సైజు రూలులో ఆ ఆశ లేదు, పొట్టిగా పుట్టినవాడు ఇరవయ్యో లెవెల్‌లో కూడా పొట్టే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా చివరికి ఇటే వచ్చింది. 2024 పుస్తకంలో హెవీ ఆయుధానికి సైజు ఊసే లేదు, చేతి ఆయుధమైతే బలం 13, దూరం నుంచి కొట్టేదైతే చురుకుదనం 13 ఉండాలి, లేకపోతే డిస్అడ్వాంటేజ్. మా వాడు ఇది చదివి ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం సగమే నచ్చింది, ఎందుకంటే 12కీ 13కీ మధ్య అగాధం తవ్వి పెట్టారు. ఎదుటివాడి మీద 8 గానీ పైన గానీ పడాలనుకోండి, మామూలుగా 65 శాతం. డిస్అడ్వాంటేజ్‌తో 42. ఒక్క పాయింటు బలానికి ఇరవైమూడు శాతం కోత, ఆ తర్వాత బలం 12 అయినా 3 అయినా ఆ కోత పెరగదు. దీన్ని గేటు అంటారు, మెట్లు అనరు.

ఆ రెండో సగం, విల్లుకి చురుకుదనం 13 అడగడం చూస్తే మాత్రం నవ్వొచ్చింది. ఆయుధాలన్నిటిలోకీ కండబలం నిక్కచ్చిగా అడిగేది విల్లే. కత్తి నీకు బరువైతే నెమ్మదిగా తిప్పుతావు, విల్లు నీకు బరువైతే అల్లెతాడు చెంపదాకా రానే రాదు. శివధనుస్సు ముందు రాజులంతా తలదించుకుని వెనక్కి పోయింది గురి లేక కాదు. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో బోలెడు లాంగ్‌బోలు, అంటే పొడవాటి విల్లులు, దొరికాయి. వాటిని లాగడానికి 100 నుంచి 185 పౌండ్ల దాకా బలం కావాలని అంచనా, అంటే 45 నుంచి 84 కిలోలు. నౌకలో దొరికిన కొన్ని అస్థిపంజరాల భుజం ఎముకల్లో తేడాలు చూసి, చిన్నప్పటినుంచీ బరువైన విల్లు లాగినవాళ్లవి కావొచ్చని పరిశోధకులు అన్నారు. మన ఆటల్లోనేమో సన్నగా రివటలా ఉండే ఎల్ఫ్ లాంగ్‌బో, కండలవీరుడికి గొడ్డలి. ఇందులో మాత్రం నేను తిట్టిపోసిన మూడున్నర ఎడిషనే నయం, కాంపోజిట్ విల్లు ఒక్కోదానికి ఒక్కో బలం అంకె పెట్టింది. అంత బలముంటే డ్యామేజ్ పెరుగుతుంది, లేకపోతే గురి మీద రెండు పాయింట్లు పోతాయి. బలం లేనివాడికి క్రాస్‌బో ఉంది, దాని తాడు లాగడానికి మరలు, మీటలు ఉంటాయి కాబట్టి టైమ్ పడుతుంది తప్ప పని ఆగదు.

ఇక ఏ రూలూ వద్దు అనే పక్షం. పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ (2019) స్మాల్, మీడియం రెంటినీ ఆయుధాల దగ్గర ఒకటే చేసేసింది. ఒక మెట్టు పెద్ద ఆయుధం పట్టుకుంటే మాత్రం క్లమ్సీ 1 అని చిన్న కోత, జెయింట్ బార్బేరియన్ అదే కోత భరిస్తే ప్రతిఫలంగా కోపంలో వచ్చే అదనపు డ్యామేజ్ 2 నుంచి 6కి పెరుగుతుంది. ఆడటానికి హాయిగా ఉంటుంది, ఎవరూ పుస్తకం తిరగెయ్యరు. కొత్తవాళ్లతో, పిల్లలతో ఆడితే నేనూ ఇదే ఎంచుకుంటా. కానీ పాత ఆటగాళ్ల బల్ల దగ్గర నాకు చప్పగా అనిపించింది. అందరికీ అన్నీ కుదిరితే హాఫ్లింగ్ అంటే కుర్చీ ఎత్తు తేడా తప్ప మరేం మిగల్లేదు.

కాబట్టి నా ఓటు బలం రూలుకే, అదీ మెట్లున్న బలం రూలుకి. సైజుని పూర్తిగా తీసెయ్యను, దాన్ని దెబ్బ తగలడం మీంచి చాలావరకు తీసి పొడవు మీద పెడతాను. మా బల్ల దగ్గర ఇప్పుడు నడుస్తున్నది ఇదీ: హెవీ ఆయుధానికి బలం 13 కావాలి, స్మాల్ క్యారెక్టర్‌కి 15. తక్కువైన ఒక్కో పాయింటుకి దెబ్బ మీద ఒకటి కోత. విల్లుకీ ఇదే లెక్క, ఎల్ఫ్ ప్లేయర్ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయుధం నీకంటే పొడుగైతే నడుముకి కట్టుకోవడం కుదరదు, వీపు మీంచి తీయడానికి ఒక చాన్సు పోతుంది, ఇరుకులో అడ్డంగా తిప్పలేవు. పొడిచే ఆయుధాలకి ఈ ఇరుకు గొడవ లేదు, బల్లెం ముందుకే పోతుంది కదా.

మా వాడి బలం 16, 15 దాటింది, కోత లేదు. పోయిన వారం ఆటలో గుహ లోపల దారి నాలుగడుగుల వెడల్పు. ఎదురుగా గాబ్లిన్‌లు, వీడి చేతిలో ఐదడుగుల కత్తి. తిప్పలేవని చెప్పేలోపే వాడు, "ఎడమచేత్తో కత్తి మధ్యలో పట్టుకుంటా, బల్లెంలా పొడుస్తా" అన్నాడు. అలా పట్టుకుని పోరాడటం పదిహేనో శతాబ్దపు జర్మన్ కత్తియుద్ధ చేతిరాతల్లో బొమ్మలతో సహా ఉంది, హాఫ్ సోర్డింగ్ అంటారు. వాడికి ఆ సంగతి తెలుసో లేదో నేనడగలేదు. డ్యామేజ్ ఒక పాచిక తగ్గించి సరే అన్నా. వాడు ఒక్క పాచికే వేశాడు, 14 పడింది.