విమాన దూరం చెప్పే యాప్: నాలుగేళ్లు వాడాక

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్య దూరం, ప్రయాణ సమయం చూపించే యాప్. ఎలా వాడాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. నా గొడవంతా ఆ రెండో అంకెతోనే.

నేను మారిషస్‌లో ఉంటాను, అక్కావాళ్లు ఫిజీలో, నాందీలో. మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం పెట్టుకునే ముందు అక్క ఫోన్ చేసి "ఎన్ని గంటల ప్రయాణంరా?" అంది. యాప్ తీశాను. దాదాపు 12,200 కిలోమీటర్లు, 14 గంటల 50 నిమిషాలు. "పదిహేను గంటలే అక్కా, గురువారం రాత్రి ఎక్కేస్తా" అన్నాను. శనివారం పొద్దున 10:20కి ఖాయం చేసేశారు.

టికెట్ కొందామని కూర్చుంటే అప్పుడు తెలిసింది, ఈ రెండు దీవుల మధ్య డైరెక్ట్ ఫ్లైటే లేదని. పెర్త్, సిడ్నీల మీదుగా పోవాలి. ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి ఆస్ట్రేలియా వీసా టెన్షన్ అదనం. ఎలాగో శనివారం తెల్లవారుజామున దింపే టికెట్ దొరికింది. పెర్త్‌లో ఇమిగ్రేషన్ క్యూ దాటి, పెట్టె తీసుకుని, ఎయిర్‌పోర్టుకి అవతలి వైపున్న డొమెస్టిక్ టెర్మినల్‌కి బస్సులో చేరేసరికి గేటు మూసేశారు. తర్వాతి దాంట్లో సిడ్నీ, అక్కడో రాత్రి. మేనమామ పెట్టాల్సిన లంగా ఓణీ నా హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది. శనివారం సాయంత్రం నాలుగింటికి దిగాను, మొత్తం 34 గంటలు. అప్పటికే బావగారి తమ్ముడు కొనుక్కొచ్చిన ఓణీతో కానిచ్చేశారు. అక్క ఏమీ అనలేదు, అన్నం వడ్డించింది. నాలుగు తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చాక లెక్క తీశాను. ఈ యాప్ ఏ రెండు ఊళ్లకైనా దూరాన్ని 850తో భాగించి అరగంట కలుపుతోంది, అంతే. రోడ్రిగ్స్ దీవి మాకు 600 కిలోమీటర్లు. గంటా పన్నెండు నిమిషాలంటుంది. అక్కడికి తిరిగేది ఏటీఆర్, అదే రెక్కలకి ఫ్యాన్లుండే చిన్న విమానం, దానికి గంటన్నర కావాలి. పెర్త్ వెళ్లేటప్పుడు పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. యాప్‌కి రాకా పోకా ఒకటే.

మ్యాపు మాత్రం బంగారం. రెండు దీవులూ భూమధ్యరేఖకి దక్షిణాన ఇంచుమించు 20 డిగ్రీల దగ్గరే కదా, గీత ఆస్ట్రేలియాకి అడ్డంగా పోతుందనుకున్నాను. ఇది విల్లులా కిందికి వంగి, పెర్త్ కంటే దక్షిణాన ఆల్బనీ ఊరి దాపుకి దిగి, మళ్లీ పైకి లేస్తుంది. తప్పేమోనని పిల్లాడి గ్లోబు మీద దారం బిగించి చూశాను, దారమూ అక్కడికే జారింది. నేను తిరిగిన మూడు ముక్కలూ కూడితే 12,340 కిలోమీటర్లు, అంటే చుట్టుదారి నూటయాభై లోపే. మిగతా పందొమ్మిది గంటలూ క్యూలు, బస్సు, కుర్చీలు తినేశాయి.

మొదటి ఏడాది దీన్ని చాలామందికి పంపాను, టైము కూడా బాగా చెబుతుందని రాశాను. అప్పుడు నేను చూసుకున్నవి హైదరాబాద్ - దుబాయ్ లాంటి డైరెక్ట్ దారులు. అలాంటి వాటికి ఇప్పటికీ పెద్దగా తేడా రాదు, మీ ప్రయాణాలన్నీ అవే అయితే నా ఏడుపు పట్టించుకోకండి. నాలా దీవిలో ఉండి, ఇంకో దీవిలో తోబుట్టువున్నవాళ్లు మాత్రం ముందు టికెట్ చూసుకుని ఆ తర్వాతే ముహూర్తాల సంగతి మాట్లాడండి. ఐదుకి మూడు ఇస్తాను, అదీ ఆ గీత కోసం.

అక్కావాళ్లు వచ్చే ఏడాది ఇటు వస్తామంటున్నారు. ఎన్ని గంటలని నన్ను మాత్రం అడగడం లేదు.