వయసైన కుక్కని ఇచ్చేయక తప్పనప్పుడు తోట మేలా, తెలిసిన ఇల్లు మేలా?

పెంచుకున్న కుక్కని వేరేవాళ్ళకి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మన చిత్తూరు, తిరుపతి వైపు అందరి నోటా మొదట వచ్చే మాట ఒకటే: "ఎవరిదైనా తోట ఉంటే చూడండి, ఆడ వదిలేస్తే హాయిగా తిరుగుతాది." మా నాయన పోయాక అమ్మ తిరుపతి ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో తమ్ముడి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఏడేళ్ళ మా లాబ్రడార్ బ్రౌనీని ఏం చేయాలో తేలక ఇంటిల్లిపాదీ టెన్షన్ పడుతుంటే మాకూ అందరూ ఇదే చెప్పారు. అన్నీ ఆలోచించాక నేను మాత్రం తోట కంటే తెలిసిన మనిషి మేలంటాను, ఆ మనిషి ఇల్లు ఎంత చిన్నదైనా సరే.

అసలు ఇవ్వాల్సిందేనా అన్నది ముందు తేల్చుకోండి. ఇంట్లో బిడ్డ పుట్టబోతోందని కుక్కని పంపేయాల్సిన పనిలేదు, టీకాలు, నులిపురుగుల మందు సమయానికి వేయించి, బిడ్డ దగ్గర దాన్ని ఒంటరిగా వదలకుండా చూసుకుంటే చాలు. సొంత ఫ్లాట్‌కి మారుతుంటే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకోరని ముందే బెదిరిపోకండి, మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు జంతువుల్ని నిషేధించడానికి లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే స్పష్టంగా చెప్పింది. అద్దె ఇల్లయితే ఓనర్ మాటే చెల్లుతుంది, మా తమ్ముడి విషయంలో జరిగింది అదే. నా దగ్గర పెట్టుకుందామంటే మా మామగారికి ఆస్తమా, డాక్టర్ వద్దన్నారు.

తీసుకెళ్ళే వీలున్నవాళ్ళు దూరం చూసి వెనకాడొద్దు. బెంగళూరు కారులో పలమనేరు, ముళబాగిలు మీదుగా సగం పూట ప్రయాణం. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపేనో క్యాబినో మీ పేరున ఉంటే వెంట పెట్టుకోవచ్చు, లేదంటే గార్డు పెట్టెలో కుక్కల బోను ఉంటుంది (వేసవిలో దాని జోలికి పోవద్దు). అమెరికా వెళ్ళేవాళ్ళు మాత్రం చాలా ముందు నుంచే మొదలుపెట్టాలి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నిబంధనలు మారాయి, రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మన దేశం ఉంది కాబట్టి మైక్రోచిప్, టీకా ధ్రువపత్రం, వాళ్ళు గుర్తించిన ల్యాబ్‌లో రక్తపరీక్ష, ఇవన్నీ కావాలి, ఆ రక్తపరీక్ష లేకపోతే 28 రోజులు క్వారంటైన్. వీసా చేతికొచ్చాక ఆలోచిద్దాంలే అనుకుంటే టైం సరిపోదు.

ఇంక రోడ్డు మీద వదిలేయడం. దీన్ని ఒక దారిగా లెక్కేయకూడదు కానీ జరుగుతోంది కాబట్టి చెప్పాలి. "అలిపిరి దగ్గర వదిలేస్తే వచ్చేపోయే భక్తులు ఏదో ఒకటి పెడతారులే" అని చదువుకున్న మనిషే నాతో అన్నాడు. ఇంట్లో పెరిగిన కుక్కకి బస్సుల మధ్య రోడ్డు దాటడం తెలియదు, ఆ వీధి కుక్కలు దాన్ని తమ హద్దులోకి రానివ్వవు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులకి గురయ్యేలా జంతువుని వదిలేయడం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే, అందుకే ఎవరికీ భయం లేదు.

తోట సంగతికొస్తే, మా పెద్దమామకి పాకాల దగ్గర ఐదెకరాల తోతాపురి తోట ఉంది. బోరు, పెద్ద షెడ్డు, చుట్టూ కంచె, చూడటానికి కుక్కకి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. ఆయన ప్రేమగానే అడిగారు కూడా, "ఏం పాపా, నాకు పెట్టే చెయ్యి లేదా, సంగటి ముద్ద వేస్తే చాలదా" అని. పెట్టే చెయ్యి ఆయనది కాదు, అదే నా ఇబ్బంది. ఆయన ఉండేది ఊళ్ళో, తోటలో ఉండేది కాపలా మనిషి, ఆ మనిషి కాపు అయిపోగానే మారిపోతాడు. అంటే ఏడేళ్ళు ఒకే ఇంట్లో ఒకే మనిషి కాళ్ళ దగ్గర పడుకున్న ప్రాణికి ప్రతి ఏడూ కొత్త యజమాని. పైగా తోటలో కుక్క అంటే మనవైపు కాపలా కుక్కే, పగలంతా గొలుసు, రాత్రి విప్పుతారు. పరిగెత్తడానికి చోటుంది అని మనం అనుకునే ఆ ఐదెకరాలు దానికి దక్కేది చీకట్లో.

చీకట్లో అన్నాను కాబట్టి చిరుతల సంగతీ చెప్పాలి. 2023లో అలిపిరి నడకదారి చుట్టుపక్కల వరసగా చిరుతల్ని బోనుల్లో పట్టుకున్నది అందరికీ గుర్తుండే ఉంటుంది. చిరుతకి కుక్క చాలా తేలికైన ఆహారం, గొలుసుతో కట్టేసినదైతే ఇంక చెప్పేదేముంది. శేషాచలం అంచున, చంద్రగిరి, రంగంపేట వైపు అడవికి ఆనుకున్న తోటలైతే నేను వద్దనే చెప్తాను. అడవికి దూరంగా ఉన్న తోటల్లో ఆ భయం తక్కువ, కానీ పాములు, పిడుదులు, మామిడికి కొట్టే పురుగుమందు డబ్బాలు అక్కడా ఉంటాయి.

అలాగని తోటలన్నీ చెడ్డవి అనను. యజమాని కుటుంబం అక్కడే కాపురం ఉండి, రాత్రి కుక్కని వరండాలోకి రానిచ్చే ఇల్లయితే, కుక్క వయసు రెండు మూడేళ్ళయి ఉరుకులు పరుగులు మీదుంటే, టౌనులో మేడ మీద పోర్షన్ కంటే అదే మేలు. మామని నేను అడిగింది ఇదొక్కటే, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని. "షెడ్డు బయట" అన్నారు.

బ్రౌనీ ఇప్పుడు ఉన్నది కొర్లగుంటలో, మా వీధిలో ఇస్త్రీ బండి పెట్టే అన్న ఇంట్లో. రెండు గదులు, ముందు ఒక చిన్న అరుగు. మా బంధువుల్లో సగం మంది ముఖం చిట్లించారు, లాబ్రడార్‌ని ఆ ఇంట్లోనా అని. వాళ్ళు చూడనిది ఏంటంటే, నాయన ఉన్నప్పటి నుంచే అది రోజూ మధ్యాహ్నం వేపచెట్టు కింద ఆ ఇస్త్రీ అన్న బండి నీడలోకి చేరి, బొగ్గుల పెట్టెకి అవతల పక్క, ఆయన కాలు తగిలేంత దగ్గరగా పడుకునేది. టీ బన్ను కొనుక్కుంటే సగం దానికే. నాయన పోయిన తర్వాత మా చేతి అన్నం ముట్టని కుక్క ఆయన పెడితే తినింది. అంతకంటే ఏం రుజువు కావాలి? ఆయన పొద్దున బండి దగ్గరికి వస్తే అదీ వెంట వస్తుంది, రాత్రి ఆయనతోనే ఇంటికి పోతుంది, ఒంటరిగా ఉండేదే లేదు. వయసైన కుక్కకి చోటు కంటే మనిషి ముఖ్యం. ఇద్దరూ ఉద్యోగాలకి పోయి పొద్దున తొమ్మిదికి తాళం వేసే పెద్ద ఇల్లు దానికి ఏం సుఖం?

డబ్బు సంగతి నాజూకుగా చూసుకోవాలి. నెలకి ఇంత అని చేతిలో పెడితే ఆయన నొచ్చుకున్నాడు, "అక్కా, నా కుక్కకి మీరు డబ్బులిచ్చేది ఏంది" అని. అందుకే టీకాలు, వైద్యం ఖర్చు మాత్రం మాది అని మాట్లాడుకుని, అది డాక్టర్‌కి నేరుగా మేమే కడుతున్నాం. తిండి ఆయనిష్టం. ఇలా పెట్టుకుంటే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

అలా తెలిసినవాళ్ళు ఎవరూ దొరక్కపోతే కొత్తవాళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది. జాతి కుక్క ఊరికే ఇస్తామంటే గంటలో ఫోన్లు మొదలవుతాయి, అందులో కుక్కతో పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాళ్ళూ ఉంటారు. ఆడదైనా మగదైనా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాకే ఇవ్వండి, ఆ మాట చెప్పగానే సగం ఫోన్లు ఆగిపోతాయి. తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, మన జిల్లాలవాళ్ళకి పెద్ద ఆసుపత్రి అందుబాటులో ఉన్నట్టే. వాళ్ళింటికి మీరే వెళ్ళి చూడండి, ఇంట్లో పెద్దావిడకి ఇష్టమో కాదో కనుక్కోండి. కరిచే అలవాటు, దీపావళి టపాకాయలకి వణికిపోవడం, ఏదీ దాచొద్దు. దాచి ఇస్తే మళ్ళీ రోడ్డున పడేది కుక్కే.

షెల్టర్ నా లెక్కలో చివరిది. అక్కడ పనిచేసేవాళ్ళ మనసు మంచిదే, కానీ యాక్సిడెంట్ అయిన వీధి కుక్కలతోనే వాళ్ళకి చోటు చాలదు, వచ్చేవాళ్ళు పిల్లకుక్కల్ని ఎత్తుకుంటారు, పెద్దవి అలాగే మిగిలిపోతాయి. డబ్బు కట్టి కొన్నాళ్ళు కుక్కని ఉంచే బోర్డింగ్ వేరే సంగతి. ఇంట్లోవాళ్ళ ఆపరేషన్, కాన్పు, కొన్ని నెలల డ్యూటీ లాంటి తిరిగొచ్చే తేదీ తెలిసిన అవసరానికైతే అదే అన్నిటికంటే మంచిది. తేదీ తెలియనప్పుడు మాత్రం అది ఆ కుక్కని ఎవరికీ కాకుండా చేస్తుంది.

ఎవరికి ఇచ్చినా ఒక్కసారిగా దింపేసి రావద్దు. ముందు వాళ్ళే రెండు మూడుసార్లు మీ ఇంటికొచ్చి అన్నం పెట్టాలి, తర్వాత ఒక రాత్రి అక్కడ ఉంచి చూడాలి. అది పడుకునే దుప్పటి ఉతక్కుండా అలాగే ఇవ్వండి, గిన్నె, గొలుసు, టీకాల పుస్తకం కూడా. మొదటి నెల పాత ఇంటి వైపు పారిపోయే ప్రమాదం ఎక్కువ, కాబట్టి బయటికి తీస్తే గొలుసు ఉండాల్సిందే, మెడ పట్టీ మీద ఫోన్ నంబర్ ఉండాల్సిందే. మీరు చూడటానికి వెళ్ళాలని మనసు లాగుతుంది, అది అక్కడ కుదురుగా తిని పడుకుంటోందని తెలిసేదాకా వీడియోతో సరిపెట్టుకోండి.

కొత్త ఇంట్లో అన్నం తినకపోతే బెంగే అనుకుని ఊరుకోవద్దని వాళ్ళకి గట్టిగా చెప్పండి. మనవైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరం ఎక్కువ, అందులోనూ మొదట కనిపించేది తిండి మానేయడమే. పైపెదవి ఎత్తి చిగుళ్ళు చూడమనండి, గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా, ఒంటి వేడి 103 దాటినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవేవీ లేకపోయినా రెండో రోజు కూడా ముట్టకపోతే చూపించాలి.

ఇంకొకటి, ఇచ్చేటప్పుడే మాట తీసుకోండి: ఎప్పుడైనా పెంచలేమనిపిస్తే ఇంకొకరికి ఇచ్చేముందు మీకే ఫోన్ చేయాలి, అర్ధరాత్రయినా సరే. అలా ఫోన్ వస్తే తెచ్చుకోవడానికి మీకూ ఒక చోటు ఆలోచించి పెట్టుకుని ఉండాలి. మాకు అది పెద్దమామ ఇల్లు, తోట కాదు, ఊళ్ళో ఇల్లు, అత్త వరండాలో పడుకోబెట్టుకుంటానని ఒప్పుకుంది.