వీధి చివరి జ్వర శిబిరం: పెరంబూరు నుంచి ఒక సమీక్ష

ఈశాన్య రుతుపవనాలు మొదలవగానే చెన్నైలో మా వీధి చివర మళ్ళీ వైద్య శిబిరం పెట్టారు. ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక డాక్టరు, ఒక నర్సు, పేర్లు రాసుకునే ఒక అమ్మాయి, ఇంతే సరంజామా. ఈసారి డెంగీ భయంతో వచ్చారు గాని, ఈ సేవను మేము మొదట వాడుకున్నది 2020 జూన్‌లో, కోవిడ్ పాకి కోయంబేడు కూరగాయల మార్కెట్టు మూతపడిన నెల రోజులకు. ఇతర దేశాలు అదే పనిని ఎలా చేశాయో దానితో పోల్చి చూస్తేనే దీని విలువ తెలుస్తుంది.

అప్పట్లో ఒక రోజు మా అమ్మకు ఒళ్ళు వెచ్చబడింది. మేము ఎవరికీ ఫోన్ చేయలేదు. ఇంటింటి సర్వేకు వచ్చిన అమ్మాయి గడప బయటే నిలబడి "వీట్ల యారుక్కావదు జురమా?" అని తమిళంలో అడిగి, అమ్మ మొహం చూసి "జొరం ఉందామ్మా?" అని తెలుగులోకి మార్చింది. మొదట లేదని తల ఊపిన అమ్మ, ఆ పిల్ల మరో రెండు తెలుగు మాటలు కలిపేసరికి, రాత్రంతా నిద్ర పట్టలేదని కూడా చెప్పేసింది. శిబిరంలో వేలికి ఆక్సీమీటరు తగిలించి, ముక్కులో నుంచి నమూనా తీసి, కాగితపు కప్పులో కబసుర కుడినీర్ అనే సిద్ధ వైద్యపు కషాయం ఇచ్చారు. దాని ముందు కాకరకాయ పాయసమేనని అమ్మ తీర్పు. ఫలితం మర్నాటి సాయంత్రానికి వచ్చింది. నేను మాత్రం తెలివిగా ఒక ప్రైవేటు ల్యాబులో మూడు వేలు కట్టి పరీక్ష చేయించుకుంటే ఫలితం నాలుగో రోజున, పెళ్ళయ్యాక వచ్చిన మేళంలా అందింది.

దక్షిణ కొరియా 2015లో మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి వల్ల 186 మందికి జబ్బు సోకి 38 మంది చనిపోయాక చట్టాలు మార్చుకుంది కాబట్టే, 2020 ఆరంభంలోనే కారు దిగకుండా పరీక్ష చేసే కేంద్రాలు తెరవగలిగింది. ఆటో తిరగడమే కష్టమైన మా వీధికి ఆ పద్ధతి నప్పదు. తైవాన్ 2020 ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య బీమా కార్డు చూపిన పెద్దలకు వారానికి రెండేసి మాస్కులు అమ్మించింది. ఇది మన రేషన్ కార్డు తర్కమే గనుక నాకు బాగా నచ్చింది. న్యూజిలాండ్ మార్చిలోనే సరిహద్దులు మూసి జూన్ 8 నాటికి ఒక్క రోగీ మిగలని స్థితికి చేరింది గాని, చుట్టూ సముద్రమున్న యాభై లక్షల మంది దేశాన్ని మన నగరంతో పోల్చడం అన్యాయం.

అసలు పోల్చవలసింది సింగపూర్‌తో. అక్కడ 2020 మార్చి 20న ట్రేస్‌టుగెదర్ అనే యాప్ తెచ్చారు. ఎవరి ఫోన్ ఎవరి ఫోన్‌కు దగ్గరగా ఉందో బ్లూటూత్ గుర్తుపెట్టుకునేది. అయినా ఏప్రిల్‌లో వలస కార్మికుల వసతి గృహాల్లో వ్యాధి దావానలంలా పాకింది, ఎందుకంటే ఒకే గదిలో ఎందరో పడుకునే చోట ఎవరు ఎవరికి దగ్గరో యాప్ చెప్పనక్కరలేదు. ఆ సమాచారాన్ని నేర విచారణకు పోలీసులూ వాడవచ్చని 2021 జనవరిలో బయటపడ్డాక జనం నొచ్చుకున్నారు; మరుసటి నెలలో దానిని ఏడు రకాల తీవ్ర నేరాలకే పరిమితం చేస్తూ చట్టం చేయవలసి వచ్చింది. గడపలో నిలబడి అడిగిన అమ్మాయికి అమ్మ ఇచ్చిన నమ్మకం ఫోన్‌కు అంత సులభంగా దక్కదు.

శిబిరాల వెనుక తమిళనాడు అప్పట్లో, నమూనాలో వైరస్ జాడను ల్యాబులో వెతికే ఆర్‌టీపీసీఆర్ పరీక్షనే పట్టుకుని ఉండటం కూడా మెచ్చదగినది. వెంటనే తేలే ర్యాపిడ్ పరీక్షలో తప్పిపోయే రోగులు ఇందులో దొరుకుతారు. అయితే జబ్బు వచ్చిన ఇళ్ళ ముందు రేకులు అడ్డుకట్టే ఆనాటి పద్ధతి మాత్రం శుద్ధ తప్పు. రేకులకు జడిసి జ్వరం దాచుకునేవారిని ఏ సర్వే పట్టుకోగలదు?

ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. వెళ్ళదలచినవారు పొద్దున్నే వెళ్ళడం మంచిది, పదకొండు దాటితే ఎండలో నిలబడాలి. మా అమ్మ జ్వరం లేకపోయినా బీపీ చూపించుకునే నెపంతో వెళ్ళి, పేర్లు రాసుకునే అమ్మాయితో ఒక అరగంట కబుర్లు చెప్పి వస్తోంది.